పాలిగ్రాఫ్‌లో తప్పారన్న ఉత్తరం వస్తే: అమెరికాలో పోలీసు కొలువులకు వెళ్లే మన పిల్లలు చేయాల్సిన పనులు

అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలందరూ సాఫ్ట్‌వేర్ వైపే వెళ్లడం లేదు. ఒకరు ఎఫ్‌బీఐ అంటున్నారు, ఒకరు సరిహద్దు కస్టమ్స్ శాఖ అంటున్నారు, ఇంకొకరు తాము పెరిగిన ఊరి పోలీసు శాఖకే దరఖాస్తు పెడుతున్నారు. మా అన్నయ్య కూతురు అలా వెళ్లింది. రాత పరీక్ష, పరుగు, ఇంటర్వ్యూ అన్నీ దాటింది. షరతులతో కూడిన ఆఫర్ లెటర్ కూడా వచ్చింది. ఆ తర్వాత పాలిగ్రాఫ్ గదిలో, అంటే అబద్ధాలను పసిగడుతుందని చెప్పే యంత్రంతో పరీక్షించే గదిలో, నాలుగు గంటలు కూర్చుంది. మూడు వారాలకు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఏ ప్రశ్న దగ్గర తప్పిందో అందులో లేదు. ఎందుకు తప్పిందో కూడా లేదు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగిన మొదటి మాట, "ఏం దాచావమ్మా?" ఉత్తరం కంటే ఆ మాటకే ఆ పిల్ల ఎక్కువ ఏడ్చింది.

తర్వాత దాదాపు ఏడాది పాటు ఆమె పక్కన కూర్చుని కాగితాలు రాశాను. అప్పుడు తెలుసుకున్నవి ఇక్కడ వరుసగా చెబుతున్నాను. నేను న్యాయవాదిని కాను. ఎక్కడ న్యాయవాది తప్పనిసరో అక్కడ ఆ సంగతి చెబుతాను. ఇది నిజం చెప్పి కూడా తప్పినవారి కోసం రాస్తున్నది. దాచినది బయటపడినవారికి ఇందులో దొంగదారి ఏదీ దొరకదు.

ముందుగా ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన సంగతి

పాలిగ్రాఫ్‌లో ఛాతీకి, పొట్టకు చుట్టిన రెండు గొట్టాలు ఊపిరిని కొలుస్తాయి. చేతికి కట్టిన పట్టీ రక్తపోటును, నాడిని కొలుస్తుంది. వేళ్లకు తగిలించిన పలకలు చెమటను పసిగడతాయి. కుర్చీలో పరిచిన మెత్త కదలికలను పట్టుకుంటుంది. అబద్ధాన్ని కొలిచే పరికరం వీటిలో ఏదీ కాదు. ఒంట్లో కలిగిన అలజడి చార్టు మీద గీతగా పడుతుంది. ఆ అలజడి భయం వల్లనా, అవమానం వల్లనా, అబద్ధం వల్లనా అన్నది ఎదురుగా కూర్చున్న మనిషి ఊహించి చెప్పే మాట.

చాలా పరీక్షల్లో రెండు రకాల ప్రశ్నలు ఉంటాయి. "ఎప్పుడైనా తీవ్రమైన నేరం చేశారా?" అన్నది అసలు ప్రశ్న. "మిమ్మల్ని నమ్మినవారితో ఎప్పుడైనా అబద్ధం చెప్పారా?" వంటిది పోల్చి చూడటానికి వేసే ప్రశ్న. నిర్దోషి రెండోదానికి ఎక్కువగా కలవరపడతాడని, దోషి మొదటిదానికి కలవరపడతాడని ఈ పద్ధతి నమ్మకం. కానీ చిన్నప్పటి నుంచి పరువు, నింద అనే మాటల మధ్య పెరిగిన మనిషికి, నేరం అన్న మాట వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపు కూడా గీతగానే పడుతుంది.

అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో ఈ విషయం మీద పెద్ద నివేదిక వెలువరించింది. ఒక నిర్దిష్టమైన సంఘటన గురించి అడిగినప్పుడు పాలిగ్రాఫ్ గుడ్డి ఊహకంటే చాలా మెరుగ్గానే పనిచేస్తుందని, అయినా పరిపూర్ణతకు ఎంతో దూరంలో ఉందని ఆ నివేదిక తేల్చింది. సంఘటన ఏదీ లేకుండా ఉద్యోగులను జల్లెడ పట్టడానికి దాని మీద ఆధారపడటం మాత్రం సరికాదని చెప్పింది. అందులో ఒక లెక్క ఉంది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకోండి. వారిలో ఎనిమిది మందిని పట్టుకునేంత కఠినంగా పరీక్ష పెడితే, వారితో పాటు ఏ తప్పూ చేయని 1,598 మంది కూడా తప్పుతారు. దరఖాస్తుదారుల్లో ఏదో ఒకటి దాచేవారు అంతకంటే ఎక్కువమంది ఉండవచ్చు కాబట్టి ఇదే నిష్పత్తి ఇక్కడ వర్తిస్తుందని నేను అనను. తప్పినవారిలో నిజాయతీపరులు ఉంటారన్నది మాత్రం ఏ లెక్కలోనూ మారదు. ఇంట్లో ఎవరైనా "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నప్పుడు ఈ 1,598 అంకెను వారి ముందు పెట్టండి.

న్యాయస్థానాలకూ ఈ యంత్రం మీద నమ్మకం తక్కువే. 1923లో ఫ్రై కేసులో దీని తొలి రూపాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి కోర్టు నిరాకరించింది. 1998లో షెఫర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పాలిగ్రాఫ్ నమ్మదగినదన్న ఏకాభిప్రాయం శాస్త్రవేత్తల్లో లేదని చెప్పి, సైనిక న్యాయస్థానాల్లో దాన్ని నిషేధించే నిబంధనను సమర్థించింది. మన దేశంలోనూ 2010లో సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మరి కోర్టు నమ్మని యంత్రాన్ని కొలువు ఇచ్చేవారు ఎలా వాడుతున్నారు? అమెరికాలో 1988లో వచ్చిన చట్టం ప్రైవేటు యజమానులు చాలావరకు పాలిగ్రాఫ్ వాడకుండా కట్టడి చేసింది. కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలను మాత్రం వదిలేసింది. ఎఫ్‌బీఐ 1990ల నుంచి కొత్తగా చేరేవారికి ఈ పరీక్ష పెడుతోంది. సరిహద్దు కస్టమ్స్ శాఖలో పోలీసు తరహా ఉద్యోగాలకు 2010 నాటి సరిహద్దు అవినీతి నిరోధక చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. ఆ శాఖ పరీక్షలో దాదాపు మూడింట రెండు వంతుల మంది తప్పుతున్నారని 2017లో పత్రికలు రాశాయి. అంటే తప్పడం అక్కడ అరుదైన విషయం కాదు.

సవాలు చేస్తే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

ఈ సంగతి ముందే తెలియకపోతే డబ్బూ మనసూ రెండూ పోతాయి. ఎఫ్‌బీఐ, సీక్రెట్ సర్వీసులకు దరఖాస్తు పెట్టి పాలిగ్రాఫ్‌లో తప్పిన కొందరు 2000లో ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 2006లో ఓడిపోయారు. ఇంకా రాని ఉద్యోగం మీద రాజ్యాంగపరమైన హక్కు ఉందని కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి దావా వేసి ఉద్యోగం తెచ్చుకోవచ్చన్న ఆశ పెట్టుకోకండి. అలా ఆశ పెట్టేవారికి డబ్బు కట్టకండి.

మీరు చేయగలిగినవి మూడు ఉన్నాయి. ఫలితాన్ని మళ్లీ చూడమని, మళ్లీ పరీక్ష పెట్టమని అడగడం ఒకటి. మీ ఫైలులో ఏం రాశారో తెలుసుకోవడం రెండు. అందులో మీ మాట కూడా చేర్పించడం మూడు. ఈ మూడోదానికి నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఒక శాఖ రాసుకున్నది మరో శాఖ నేపథ్య దర్యాప్తులో చదువుతుంది. పదేళ్ల తర్వాత భద్రతా అనుమతి (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అడిగినప్పుడు కూడా చదవవచ్చు. యంత్రం గీసిన గీతలు మారవు. వాటి పక్కన మీ పేరుతో ఇంకెవరో రాసిన కాగితానికి మాత్రం జవాబు రాయవచ్చు. మా పోరాటమంతా ఆ కాగితం మీదే సాగింది.

గది నుంచి బయటకు వచ్చిన రోజే

ఫలితం తెలియక ముందే ఈ పని చేయాలి. మేము చేయలేదు, దానికి మూల్యం చెల్లించాం. ఇంటికి రాగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, జరిగిందంతా తారీఖు, గంటలతో రాసిపెట్టండి. గదిలోకి ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. ఏ మందులు వేసుకున్నారు, జ్వరం గానీ నొప్పి గానీ ఉందా. పరీక్షకు ముందు మాటల్లో ఏం అడిగారు, మీరు ఏం చెప్పారు. ఎన్నిసార్లు చార్టు తీశారు, మధ్యలో విరామం ఇచ్చారా. పరీక్షాధికారి "ఈ ప్రశ్న దగ్గర ఇబ్బంది పడుతున్నారు" అన్నారా, ఏ ప్రశ్న దగ్గర అన్నారు, దానికి మీరు ఏం బదులిచ్చారు. గదిలో కెమెరా గానీ మైకు గానీ కనిపించిందా.

వారం గడిస్తే సగం పోతుంది. నెల గడిస్తే మనసు తనకు తోచిన కథ అల్లుకుంటుంది. మా అమ్మాయి ఉత్తరం వచ్చాక, మూడు వారాల తర్వాత రాయడానికి కూర్చుంది. అధికారి అన్న మాట ఏదో, తను అనుకున్న మాట ఏదో అప్పటికే కలిసిపోయాయి. ఆ రోజే రాసిన కాగితానికి ఉన్న బరువు తర్వాత రాసినదానికి రాదు.

ఉత్తరాన్ని నాలుగుసార్లు చదవండి

"తప్పారు" అన్న ఒక్క మాట వెనుక నాలుగు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. నాలుగింటికీ జవాబు ఒకటి కాదు.

మొదటిది, ఫలితం తేలలేదనడం. గీతలు చదవడానికి వీలుకాలేదని అర్థం. ఇది తప్పడం కాదు. మళ్లీ పరీక్ష దొరికే అవకాశం సాధారణంగా ఇక్కడే ఎక్కువ.

రెండోది, చార్టులో ఒక ప్రశ్నకు గట్టి స్పందన కనిపించిందనడం. మీరు ఏమీ ఒప్పుకోలేదు, గీత మాత్రమే మీకు వ్యతిరేకంగా ఉంది. నిజం చెప్పి తప్పినవారి కేసు చాలావరకు ఇదే.

మూడోది, మీ నోటి మాటలు. చాలామందికి తెలియనిది ఇది. తిరస్కారాలన్నీ గీతల వల్ల జరగవు. గీత చూపించి "దీని గురించి ఏదో ఉంది, చెబితే తేలికవుతుంది" అని గంటసేపు అడిగినప్పుడు మనవాళ్లు వెతికి వెతికి ఏదో ఒకటి చెబుతారు. కాలేజీలో స్నేహితుడి గదిలో ఒకసారి పీల్చిన గంజాయి, ఆఫీసు నుంచి తెచ్చుకున్న పెన్నుల పెట్టె, దొంగ సైటులో చూసిన సినిమాలు. పెద్దవాళ్లు నిలదీస్తే ఏదో ఒకటి ఒప్పుకుని బయటపడటం మనకు ఇంటి అలవాటు. ఆ గదిలో అదే ముంచుతుంది. దరఖాస్తులో "లేదు" అని రాసి గదిలో "ఒకసారి" అన్నారంటే, పీల్చినదానికంటే ఆ తేడాకే శిక్ష ఎక్కువ. మీ కేసు ఇదైతే యంత్రం నమ్మదగినది కాదని వాదించి లాభం లేదు. మీరు నిజంగా అన్నది ఏమిటి, వారు రాసుకున్నది ఏమిటి అన్నదే మీ వాదన. ఆ ఒప్పుకున్న మాటలో నేరం కింద వచ్చేది ఏదైనా ఉంటే ఒక్క అక్షరం కూడా రాయకుండా ముందు న్యాయవాదిని కలవండి. అలాంటి మాటలను దర్యాప్తు సంస్థలకు పంపే అధికారం శాఖలకు ఉంటుంది.

నాలుగోది, యంత్రాన్ని ఏమార్చడానికి ప్రయత్నించారన్న ఆరోపణ. అన్నిటిలోకీ బరువైనది ఇది. నిజాయతీ మీదే దెబ్బ కాబట్టి తర్వాతి శాఖలు దీన్ని మామూలు తప్పుకంటే కఠినంగా చూస్తాయి. ఇందులో మనవాళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. రోజూ ప్రాణాయామం చేసేవారు కంగారు పుడితే తెలియకుండానే ఊపిరిని నెమ్మదిగా, కొలిచినట్టు తీస్తారు. పాలిగ్రాఫ్ చార్టులో అలాంటి ఊపిరి కావాలని అదుపు చేసినట్టు కనిపిస్తుంది. మీకు ఆ అలవాటు ఉంటే అప్పీలులో ఆ సంగతి రాయండి. ఎన్నేళ్లుగా చేస్తున్నారో రాసి, నేర్పిన గురువు ఉంటే ఆయన నుంచి చిన్న ఉత్తరం జతచేయండి.

అప్పీలు ఉత్తరం

గడువు ఎంతో మీకు వచ్చిన ఉత్తరంలోనే వెతకండి. లేకపోతే నియామక విభాగానికి మెయిలు పంపి అడగండి, ఫోనులో అడగవద్దు. అడిగినట్టు రుజువు ఉండాలి. గడువు శాఖకు ఒక తీరుగా ఉంటుంది, మరొకరి అనుభవం నమ్ముకుని కూర్చోకండి. కొన్ని శాఖలు అప్పీలే లేదంటాయి. అయినా రాయండి, మీ ఉత్తరం ఫైలులో ఉంటుంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. అందులో ఉండాల్సిన మాటలు దాదాపు ఇవి:

"ఫలానా తారీఖున ఫలానా ఉద్యోగానికి పాలిగ్రాఫ్ పరీక్షకు హాజరయ్యాను. ఫలానా తారీఖు ఉత్తరంలో నేను ఉత్తీర్ణత సాధించలేదని తెలిపారు. ప్రతి ప్రశ్నకూ నిజం చెప్పాను. నా చార్టులను, పరీక్షాధికారి నివేదికను, ఆ పరీక్షతో సంబంధం లేని మరో అధికారి పరిశీలించాలని కోరుతున్నాను. వేరే పరీక్షాధికారితో మళ్లీ పరీక్షకు సిద్ధంగా ఉన్నాను. ఆ రోజు నా ఆరోగ్య స్థితి ఇదీ. ఏ ప్రశ్నకు స్పందన కనిపించిందో తెలిపితే, ఆ విషయంలో రాతపూర్వకమైన ఆధారాలు ఇవ్వగలను. పరీక్ష రికార్డింగు, చార్టులు, నోట్సు చెరిపివేయకుండా భద్రపరచాలని మనవి."

కోపం ఒక్క వాక్యంలో కూడా ఉండకూడదు. పరీక్షాధికారిని దూషించవద్దు. అతను అనకూడని మాట అని ఉంటే ఆ మాటను అన్నది అన్నట్టే రాసి వదిలేయండి, విశేషణాలు వద్దు. పాలిగ్రాఫ్ శాస్త్రీయం కాదన్న ఉపన్యాసం కూడా ఇక్కడ పనికిరాదు. ఆ శాఖ దాన్ని నమ్మే నడుపుతోంది. మీ తర్కంతో పద్ధతిని మార్చుకోదు. మీ ఒక్క పరీక్షలో జరిగినదాని గురించి మాత్రం వింటుంది. మేము మొదట రాసింది ఐదు పేజీలు. అందులో మూడు పేజీలు 2003 నివేదిక గురించే. ఒక పెద్దాయన చదివి, "ఇది మీ బాధ తీర్చుకోవడానికి రాసుకున్నది, వాళ్లు చదవడానికి కాదు" అన్నారు. మళ్లీ రాశాం.

భద్రపరచమన్న చివరి వాక్యాన్ని వదలవద్దు. కేంద్ర శాఖల్లో పరీక్షాధికారి ఇచ్చిన ఫలితాన్ని నాణ్యతా పరిశీలన పేరుతో మరొకరు చూడటం మామూలు. ఆ పరిశీలన జరిగిందా అని అడగడం మీ ఉత్తరంలో అత్యంత న్యాయమైన ప్రశ్న.

ఆధారాలు అంటే గాలి మాటలు కావు. మాదకద్రవ్యాల ప్రశ్న దగ్గర తప్పారని తెలిస్తే, పాత ఉద్యోగాల్లో జరిగిన పరీక్షల ఫలితాలు. డబ్బు వ్యవహారమైతే క్రెడిట్ రిపోర్టు, బ్యాంకు కాగితాలు. విదేశీ సంబంధాలైతే కింద చెప్పబోయే జాబితా.

మన బంధుబలగం అనే చిక్కు

ఇంగ్లిషులో దొరికే సలహాల్లో నాకు ఈ విషయం దొరకలేదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జాతీయ భద్రతకు సంబంధించిన కేంద్ర ఉద్యోగాలకు నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం గత ఏడేళ్లలో సన్నిహితంగా గానీ, తరచుగా గానీ సంబంధం ఉన్న విదేశీయుల పేర్లు అడుగుతుంది. ఫారం రాసిన మనిషి ఒకరిద్దరిని ఊహించుకుని రాసినట్టుంది. మనకు ఒక్క వాట్సాప్ గుంపులోనే గుంటూరులో పద్దెనిమిది మంది, హైదరాబాద్‌లో ఇరవై మంది ఉంటారు. మేనమామ కొడుకు సన్నిహితుడా? పండగకు మాత్రమే పలకరించే పెద్దనాన్నను రాయాలా? తేల్చుకోలేక పిల్లలు నలుగురి పేర్లు రాసి ఊరుకుంటారు. ఆ తర్వాత గదిలో "చెప్పకుండా దాచిన విదేశీ సంబంధాలు ఉన్నాయా?" అని అడగగానే ఆ రాయని పేర్లన్నీ ఒక్కసారి గుండెలో కదులుతాయి.

ఆస్తి సంగతి కూడా అంతే. విదేశంలో స్థిరాస్తి ఉందా, కొనే ఆలోచన ఉందా, వస్తుందని ఎదురుచూస్తున్నారా అని ఆ ఫారం అడుగుతుంది. తాతగారు మనుమరాలి పేరిట రాసిన అరెకరం, నాన్న పిల్లల పేరు కలిపి కొన్న ఫ్లాటు, అమ్మమ్మకు నెలనెలా పంపే డబ్బు, బావగారికి ఇచ్చిన చేబదులు. పిల్లలకు తెలియనివి కూడా వీటిలో ఉంటాయి. తల్లిదండ్రులూ, దయచేసి మీ పేర్ల మీద, పిల్లల పేర్ల మీద ఉన్నవన్నీ వారికి ముందే చెప్పండి. మీరు చెప్పని అరెకరానికి వారు అబద్ధాలకోరు అనిపించుకుంటారు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన దేశం ఇచ్చే కార్డు) పౌరసత్వం కాదు, మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అయినా అది ఉందని దాచాల్సిన పని లేదు, అడిగితే చెప్పాలి.

పరీక్షకు ముందే ఈ జాబితా పూర్తిగా తయారు చేసి, ఫారంలో లేనివి కనిపిస్తే దర్యాప్తు అధికారికి రాతలో ఇవ్వండి. పరీక్షలో తప్పాక అయితే, అదే జాబితాను సవరణగా అప్పీలుకు జతచేయండి. పేరు, వరుస, ఊరు, వృత్తి, ఎంత తరచుగా మాట్లాడతారు అన్నవి చాలు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు, సైన్యంలో ఉన్నవారు ఉంటే ఆ సంగతి ప్రత్యేకంగా రాయండి.

మీ ఫైలు మీరు చూడటం

1974 నాటి గోప్యతా చట్టం కింద అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు తమ గురించి కేంద్ర శాఖలు ఉంచిన రికార్డులు అడగవచ్చు. సమాచార స్వేచ్ఛ చట్టాన్ని కూడా అదే అర్జీలో ప్రస్తావించండి. గుర్తింపు ధ్రువీకరణ పత్రం జతచేయాలి. అడగాల్సినవి పేరు పెట్టి అడగండి: చార్టులు, ప్రశ్నల జాబితా, పరీక్షాధికారి నివేదిక, నాణ్యతా పరిశీలన నివేదిక, ఆడియో, వీడియో రికార్డింగు, మీరు సంతకం చేసిన అన్ని పత్రాలు.

చట్టం ప్రకారం సమాచార అర్జీకి 20 పనిదినాల్లో జవాబు రావాలి. నిజానికి నెలలు పడుతుంది. వచ్చాక కూడా సగం పేజీల మీద నల్లగీతలు ఉంటాయి. దర్యాప్తు పద్ధతులు బయటపడతాయన్న కారణంతో చార్టులు, ప్రశ్నలు ఇవ్వకపోవచ్చు. పూర్తిగా ఇవ్వకపోతే ఆ నిరాకరణ మీద అప్పీలు చేసుకోవడానికి కనీసం 90 రోజులు ఉంటాయి. ఆ అప్పీలుకు రుసుము లేదు, తప్పకుండా చేయండి. మాకు మొదటిసారి రాని రెండు పేజీలు అప్పీలులో వచ్చాయి. ఆ రెండు పేజీల్లోనే ఆమె అనని మాట ఒకటి ఉంది.

అలాంటిది కనిపిస్తే గోప్యతా చట్టం కిందనే సవరణ కోరవచ్చు. అర్జీ అందినట్టు పది పనిదినాల్లో తెలపాలి. ఒప్పుకోకపోతే ఆ శాఖనే పునఃపరిశీలించమని అడగాలి, అప్పుడూ ఒప్పుకోకపోతే, అసమ్మతి ప్రకటన ఒకటి రాసి ఫైలులో చేర్చమనే హక్కును చట్టం ఇస్తుంది. పోలీసు తరహా శాఖలు చాలావరకు తమ ఫైళ్లకు ఈ సవరణ నిబంధన నుంచి మినహాయింపు తీసుకున్నాయి. మినహాయింపు చూపించి తిరస్కరించినా, మీరు పంపిన ఉత్తరానికి, దాని తారీఖుకు విలువ ఉంది. తర్వాతి దర్యాప్తు అధికారి ముందు అదే పెడతారు.

ఊరి పోలీసు శాఖ, కౌంటీ (మన జిల్లా వంటిది) షెరిఫ్ కార్యాలయాలకు ఈ కేంద్ర చట్టాలు వర్తించవు. రాష్ట్రంలోని ప్రభుత్వ రికార్డుల చట్టం కింద అడగాలి. చాలా నగరాల్లో నియామకాల మీద సివిల్ సర్వీస్ కమిషన్ ఉంటుంది. అభ్యర్థుల జాబితా నుంచి పేరు తీసేస్తే కమిషన్‌కు అప్పీలు చేసుకునే వీలు ఉండవచ్చు. కేంద్ర శాఖల కంటే ఇక్కడే మనిషి ముఖం చూసి మాట్లాడే అవకాశం ఎక్కువ.

వివక్ష జరిగితే గడువు చాలా చిన్నది

మతం గురించి, జాతి గురించి, పుట్టిన దేశం గురించి అవమానకరంగా అడిగారా? అదే మాటల మీద మిమ్మల్ని అనుమానించారా? కేంద్ర శాఖ అయితే 45 రోజుల్లోగా ఆ శాఖలోని సమాన ఉద్యోగావకాశాల కౌన్సెలర్‌ను సంప్రదించాలి. రాష్ట్ర, స్థానిక శాఖలైతే సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300 రోజులు ఉంటాయి. షరతులతో కూడిన ఆఫర్ ఇవ్వకముందే జబ్బుల గురించి, మందుల గురించి లోతుగా అడగడం కూడా వైకల్య హక్కుల చట్టాల కింద ప్రశ్నించదగినదే. పాలిగ్రాఫ్ అప్పీలు జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ గడువు దాటించుకున్నవారు ఉన్నారు. రెండూ వేర్వేరు దారులు, ఒకటి మరొకదాని గడువును ఆపదు. న్యాయవాది మీద డబ్బు ఖర్చు పెట్టేటట్టయితే ఇక్కడ పెట్టండి.

చేయకూడనివి

యంత్రాన్ని ఓడించడం నేర్పిస్తామనేవారి దగ్గరకు వెళ్లవద్దు. దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పడానికి శిక్షణ ఇచ్చిన ఓక్లహామాకు చెందిన మాజీ పోలీసు పాలిగ్రాఫర్‌కు 2015లో రెండేళ్ల జైలుశిక్ష పడింది. నిజం చెప్పే మనిషి ఎత్తులు వేస్తూ దొరికిపోతే నిజం కూడా పోతుంది.

ప్రైవేటు పాలిగ్రాఫర్ దగ్గర కొన్ని వందల డాలర్లు కట్టి పరీక్ష చేయించుకుని, "చూడండి, ఇక్కడ ఉత్తీర్ణత సాధించాను" అని పంపడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. శాఖకు దాన్ని చూడాల్సిన బాధ్యత లేదు. పోగొట్టుకునేది ఏమీ లేని గదిలో ఎవరి గుండె అయినా నెమ్మదిగానే కొట్టుకుంటుందని వారు అంటారు. అదే డబ్బుతో, చార్టులు చేతికి వస్తే, వాటిని చదివి అభిప్రాయం రాసిచ్చే అనుభవజ్ఞుడిని వెతకడం మేలు.

మళ్లీ పిలిస్తే

ముందురోజు రాత్రి బాగా నిద్రపోండి. రోజూ తాగే కాఫీ మానవద్దు, కొత్తగా తాగవద్దు. డాక్టరు రాసిన మందులు ఆపవద్దు, పేర్లు రాసుకుని వెళ్లి చెప్పండి. ఊపిరిని మామూలుగా వదిలేయండి. ప్రాణాయామం అలవాటు ఉంటే మొదలుపెట్టక ముందే చెప్పండి. పాలిగ్రాఫ్ గురించి చదివారా అని అడిగితే చదివానని చెప్పండి. ఏ ప్రశ్న అయినా మీకు రెండు అర్థాలుగా వినిపిస్తే, తీగలు తగిలించక ముందే ఆపి అర్థం అడగండి. ప్రశ్నలన్నీ ముందుగా చదివి వినిపిస్తారు, ఆ సమయం అందుకే ఉంది. "ఇంకా ఏదో ఉంది" అని ఒత్తిడి చేసినప్పుడు, లేకపోతే "లేదు, చెప్పాల్సింది అంతా చెప్పాను" అనండి. నిశ్శబ్దాన్ని భరించలేక ఏదో ఒకటి వెతికి ఇవ్వవద్దు. అది మర్యాద కాదు, అక్కడ అది వాంగ్మూలం.

మళ్లీ పిలవకపోతే మరో శాఖకు దరఖాస్తు పెట్టవచ్చు. ఇంతకుముందు పాలిగ్రాఫ్ తీసుకున్నారా, ఫలితం ఏమిటి అని ఆ ఫారంలో దాదాపు ఎప్పుడూ అడుగుతారు. తీసుకున్నాను, తప్పినట్టు తెలిపారు, ఏ శాఖ, ఏ తారీఖు అని రాయండి. కేంద్ర ఫారంలో తెలిసి అబద్ధం రాయడం నేరం. మా అమ్మాయి తర్వాతి ఏడాది ఒక కౌంటీ కార్యాలయానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ గడిలో ఆ సంగతులన్నీ రాసి, అప్పీలు ఉత్తరం నకలు, తను అనని మాట ఉన్న ఆ రెండు పేజీలు, తన అసమ్మతి ప్రకటన కలిపి జతచేసింది. నేపథ్య దర్యాప్తు అధికారి మొదటి సమావేశంలోనే ఆ కాగితాలు తెరిచి పెట్టుకుని, "దీని గురించి ముందు మాట్లాడుకుందాం, తర్వాత మిగతావి" అన్నాడట. గంటన్నర మాట్లాడారు. ఆ గంటన్నరలో తీగలు ఏవీ లేవు.